ఇసుక మీద మొక్క, మొక్క కింద నీరు

(వేసవిలో గోదావరి పాయల్లో మొక్కలు చూస్తూ నడవబోయేవారి కోసం కోనసీమలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. వెనక వరసల వాళ్ళకి వినబడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తే నా గొంతు మీదాకా వస్తుంది. సరే, మొదలుపెడదాం.

ధవళేశ్వరం బరాజ్ దగ్గర గేట్లు దించేశాక మనం అనే మాట ఒకటుంది, "గోదారి ఎండిపోయింది" అని. రావులపాలెం వంతెన మీద బస్సు కిటికీలోంచి గౌతమిని చూసినా, సిద్ధాంతం వంతెన మీంచి వశిష్ఠని చూసినా కనపడేది ఇసుకే. నడిమధ్య ఓ సన్నటి నీటి చార, అటూ ఇటూ తెల్లటి తిన్నెలు. బరాజ్ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసే రోజున ఇదే ఇసుక మీద 10 లక్షల క్యూసెక్కులు పోతాయంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఎండింది పైపైనే. ఆ ఇసుకలో మొలిచిన ప్రతి మొక్కా కింద నీరు ఎంత లోతులో ఉందో, తీపిదో ఉప్పదో, ఎన్నాళ్ళు ఉంటుందో చెబుతూనే ఉంటుంది. ఇవాళ మనం మాట్లాడుకునేది దాన్ని చదవడం గురించే. మొక్కల పేర్లు బట్టీ పట్టించడానికి రాలేదండి నేను.

ముందు కాస్త దూరం వెళ్ళి వద్దాం. ఈ హాల్లో గల్ఫ్‌లో మనిషి లేని ఇంటివాళ్ళు చెయ్యెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. (నవ్వులు) మనవాళ్ళు మస్కట్ నుంచో ఫుజైరా నుంచో ఫోన్ చేసి, సెలవు రోజున "వాదీకి వెళ్ళాం" అంటారు. వాదీ అంటే ఎడారిలో ఎండిన వాగు. మన రాయలసీమ వాళ్ళు వంక అంటారే, అలాంటిది. ఏడాదిలో చాలా రోజులు గులకరాళ్ళూ ఇసుకా తప్ప ఏమీ ఉండదు. కొండ మీద వాన పడితే మాత్రం ఒక్క గంటలో నిండిపోతుంది. ఆ వాగు గర్భంలో నడిస్తే మన తూర్పు తీరం మనిషికి ఓ వింత ఎదురవుతుంది. అక్కడి చెట్లు చాలామటుకు మన చుట్టాలే.

ఘాఫ్ అని వాళ్ళు ప్రాణంలా చూసుకునే చెట్టు, ఎమిరేట్స్ జాతీయ వృక్షం, మన దసరా జమ్మి. వేరే జాతి కూడా కాదు, అచ్చంగా అదే చెట్టు. సిద్ర్ అనేది మన రేగుకి అక్కచెల్లెలు. వాదీ అంచున బూడిద రంగు ఆకులతో నిలబడ్డది జిల్లేడు. కాకపోతే మన జిల్లేడుకి పూరేకులు వెనక్కి విచ్చుకుని ఉంటాయి, అక్కడిదానికి రేకులు నిటారుగా ఉండి కొసల్లో ఊదారంగు మచ్చ ఉంటుంది. గులకరాళ్ళ మీద గుబురుగా, ఊదాపూలతో కనిపించేది మన వెంపలి కుటుంబంలోదే. ఇసుక మీద పాకి, నిమ్మకాయంత నుంచి బత్తాయంత కాయలు పరిచేది పాపర. మనం ఏటిపుచ్చ అనీ వెర్రిపుచ్చ అనీ అంటాం. ఇక గన్నేరు. మన గుడి ముందు, రోడ్డు మధ్య డివైడర్లలో పెంచే ఎర్రగన్నేరు అక్కడ కొండవాగుల్లో రాళ్ళ మధ్య దానంతట అదే పెరుగుతుంది. దాని ఆకు అడుగున చిన్న చిన్న గుంటలుంటాయి, గాలి రంధ్రాలు ఆ గుంటల్లో వెంట్రుకల చాటున దాక్కుంటాయి. పొడిగాలికి నీరు పోకుండా చేసుకున్న ఏర్పాటు. ఒక మాట, గన్నేరు పుల్లతో టీ కలపడం, మాంసం గుచ్చి కాల్చడం ఎక్కడా చెయ్యకూడదు. చెట్టంతా విషమే. "గన్నేరు పప్పు" అని మనం భయపెట్టేది పచ్చగన్నేరు గురించి, అది అమెరికా నుంచి వచ్చిన వేరే మొక్క. ప్రాణం తియ్యడంలో మాత్రం రెండూ రెండే.

ఎడారి వాగులో చెట్లు చుట్టుపక్కల నేల మీద కంటే ఎత్తుగా, దట్టంగా ఎందుకుంటాయి? కొండవాలు మీద పడిన వానంతా అక్కడికే చేరి, ఇసుకలోకి దిగి, ఎండకు అందకుండా కింద నిలవ ఉంటుంది కాబట్టి. ఆకాశం నుంచి చూస్తే ఎడారిలో పచ్చగీత ఎక్కడుందో అక్కడ వాగుందన్నమాట. అమెరికా నైరుతి ఎడారుల్లోనూ ఇంతే. అక్కడి కొన్ని వాగు చెట్ల విత్తనాలకి తొక్క ఎంత గట్టిదంటే, వరదలో ఇసుకతో, రాళ్ళతో రాసుకుని గీతలు పడితే తప్ప నీరు లోపలికి వెళ్ళదు. అంటే విత్తనం వరద వచ్చిందని నమ్మకం కుదిరాకే మొలుస్తుంది. మనం పచ్చిరొట్ట విత్తనాల్ని వేడినీళ్ళలో వేసి, ఇసుకతో రుద్ది చల్లే పని వాగు తానే చేసి పెడుతుంది.

ఆ అమెరికా ఖండాల వైపు నుంచే ఒక చెట్టు మన ఇంటికి వచ్చి కూచుంది. సర్కారు తుమ్మ. 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర వంటచెరుకు కోసం నాటించారు, ఇవాళ అది లేని గట్టు లేదు. దాని బంధువు ఒకటి అరిజోనాలో గని తవ్వుతుంటే 50 మీటర్లకు పైగా లోతులో వేరుతో బయటపడింది. మన లంకల్లో, అదే ఏటి మధ్య దిబ్బల్లో, దానికి అంత శ్రమ అక్కర్లేదు, రెండు మూడు మీటర్లకే నీరందుతుంది. అందుకే ఎండాకాలంలో అంతా గోధుమరంగుకి తిరిగినా అది మాత్రం పచ్చగా నవనవలాడుతుంది. చూసి మెచ్చుకోవచ్చు, నాటకండి.

గల్ఫ్‌లో ఉన్న మీ పిల్లలకి ఫోన్‌లో చెప్పడానికి ఒక జాగ్రత్త. వాదీలో ప్రాణాలు పోయేది దాహంతో కంటే నీటితోనే. తల మీద మేఘం ముక్క లేకపోయినా ఎగువ కొండల్లో కురిసిన వాన గోడలా వస్తుంది. నడవబోయే ముందు చెట్ల కొమ్మల్లో ఇరుక్కున్న చెత్త చూడాలి. పుల్లలు, గడ్డి, ప్లాస్టిక్ సంచులు ఎంత ఎత్తున వేలాడుతుంటే కిందటిసారి వరద అంత ఎత్తు వచ్చిందన్న మాట. అది మీ తలకంటే పైనుంటే అక్కడ కూచుని అన్నం తినకూడదు, పడుకోవడం అసలే వద్దు. 2024 ఏప్రిల్‌లో ఎమిరేట్స్‌లో ఒక చోట ఒక్కరోజు తిరక్కుండా 254 మిల్లీమీటర్లు కురిసింది. అక్కడ 2023 నుంచి, వరద పారుతున్న వాదీలోకి బండి దింపితే 2,000 దిర్హాముల జరిమానా, 60 రోజులు బండి స్వాధీనం. రీళ్ళు తీసుకునేవాళ్ళకి ఇది గట్టిగానే చెప్పండి.

ఇక మన పాయలోకి దిగుదాం.

మనకి ఆ గోడలా వచ్చే వరద లేదు కానీ మూడు వేరే ప్రమాదాలున్నాయి. మొదటిది ఇసుక ర్యాంపుల గోతులు. యంత్రంతో తవ్విన గొయ్యి పైనుంచి చూస్తే మోకాటి లోతు నీటిలా కనపడుతుంది. అడుగుపెడితే అంచు జారి రెండు మనుషుల లోతులో పడతారు, ఒడ్డు ఇసుక పట్టుకుంటే అదీ మీతోపాటు జారుతుంది. ప్రతి వేసవిలో ఈత వచ్చిన కుర్రాళ్ళు కూడా పోయేది ఇక్కడే. ఏటవాలుగా కాకుండా కోసినట్టు నిలువుగా ఉన్న అంచుకి పది అడుగుల దూరంలో ఆగిపోండి. నీరు దాటాల్సి వస్తే పశువులు దాటే రేవు చూసుకోండి, వాటి గిట్టల గుర్తులుంటాయి. రెండోది పోటు. చించినాడ, నరసాపురం వైపు, బోడసకుర్రు దిగువున, సముద్రపు నీరు రోజుకి రెండుసార్లు ఎక్కుతుంది. రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మరీ పైకి వస్తుంది. తిన్నె మధ్యలో మొక్క మీద వంగి చూస్తూ ఉంటే వెనకాల వచ్చిన తోవ మునిగిపోతుంది. పాటు, అంటే నీరు తీయడం, మొదలైన గంటకి దిగి, నీరు వెనక్కి తిరగకముందే ఎక్కేయాలి. పడవ నడిపేవాళ్ళని అడిగితే నిమిషాలతో సహా చెబుతారు. మూడోది వడదెబ్బ. ఎడారిలో చెమట వెంటనే ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. మన దగ్గర ఉక్కపోత వల్ల చెమట కారుతుందే కానీ ఆరదు, కాబట్టి 38 డిగ్రీలే కదా అనుకుంటే పొరపాటు. ఉదయం ఐదున్నరకి దిగి ఎనిమిదిన్నరకి గట్టెక్కాలి. మూడు గంటల నడకకి మనిషికి రెండు లీటర్లు, అందులో అర లీటరు ఉప్పేసిన పల్చటి మజ్జిగ. రోహిణి కార్తెలో అసలు వెళ్ళకండి, రోళ్ళు పగిలే ఎండని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

కాళ్ళకి బూట్లే. హవాయి చెప్పులతో వెళితే పల్లేరు కాయలు అడుగు నుంచి పైకి దూసుకొస్తాయి. పాంటు పొడుగుది, చేతిలో ఓ కర్ర. రెల్లు దుబ్బుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కొట్టండి. రక్తపింజరికి అది ఇష్టమైన చోటు.

ఇప్పుడు అసలు పని. ఏటిగట్టు నుంచి నీటి అంచు దాకా అడ్డంగా ఒక గీత అనుకోండి. దాని మీదే నడవాలి, అటూ ఇటూ దిక్కులు చూస్తూ తిరిగితే ఏమీ అర్థం కాదు. ప్రతి ముప్పై అడుగులకీ ఆగి, మీటరు పొడవు పుల్లలు నాలుగు చదరంగా పరవండి. ఆ చదరం లోపల ఉన్నవన్నీ రాసుకోండి. మొక్కలు లేకపోతే "ఏమీ లేదు" అని రాయండి, అది కూడా సమాచారమే. తరవాత చదరం పక్కన చేత్తో చెలమ తియ్యండి. పొడి ఇసుక ఎన్ని అంగుళాలు, చెమ్మ ఎక్కడ మొదలైంది, మోచెయ్యి లోతులో నీరు ఊరిందా లేదా. ఇసుక ముతకా, సన్నమా, లేక వేళ్ళకి అంటుకునే ఒండ్రా.

ఇసుక ఏ రకం అనే ఈ ఆఖరి మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు నేలలో నీరు పైకి ఎక్కుతుంది. ముతక ఇసుకలో రేణువుల మధ్య సందులు పెద్దవి, కాబట్టి నీరు నాలుగు వేళ్ళో, మహా అయితే జానెడో ఎక్కి ఆగిపోతుంది. ఒండ్రులో సందులు సన్నవి, మీటరు దాటి కూడా ఎక్కుతుంది. దీనివల్ల రెండు విచిత్రాలు. ఒకటి, ముతక ఇసుక పైన ఎంత మాడిపోయినా ఆ ఎండిన పొరే మూతలా పనిచేసి కింది చెమ్మని కాపాడుతుంది. పైన కాలు పెట్టలేనంత వేడి, మూరెడు కింద చల్లటి తడి. రెండు, ఒండ్రు మేటల్లో నీరు పైకి ఎక్కి ఎండకి పోతూనే ఉంటుంది కాబట్టి మొదట్లో పచ్చగా కళకళలాడి, మే నెలకి పెంకులు పెంకులుగా పగిలి, అంచులు పైకి వంగి ఎండిపోతుంది. ఏప్రిల్‌లో పచ్చటి మేట చూసి "ఇక్కడ నీరు బాగుంది" అని రాసుకుంటే మేలో బోల్తా పడతారు. ఆ పగుళ్ళని మాత్రం వదలకండి. గాలికి కొట్టుకొచ్చిన విత్తనాలు బీటల్లో పడి, నీడా చెమ్మా దొరికి మొలుస్తాయి. పైనుంచి చూస్తే పచ్చదారంతో తేనెపట్టు గీసినట్టుంటుంది.

నీటి అంచు నుంచి మొదలుపెడితే, మొదటి నాలుగైదు గజాల్లో బొక్కెన పాకి ఉంటుంది, కణుపు కణుపుకీ వేరు దించుతూ. దాంతోపాటు పొన్నగంటి, గుంటగలగర, చిట్టి తుంగలు. వీటన్నిటికీ వేళ్ళు వేలెడు లోతే, పాదాల కిందే తడి ఉన్నంత కాలం బతుకుతాయి. వరదకి కొట్టుకొచ్చి ఒడ్డెక్కిన గుర్రపుడెక్క నల్లటి చాపలా ఎండి ఉంటే, అంచెత్తి కింద చూడండి. ఆ కప్పు కింద చెమ్మ నిలిచి కొత్త మొలకలుంటాయి. మనం తిట్టుకునే మొక్క చచ్చి కూడా నర్సరీ నడుపుతోందన్నమాట.

కాస్త పైన, ఒండ్రు మీద, నాగదంతి. పూలకంకి తేలు తోకలా చుట్టుకుని ఉంటుంది, పువ్వు విచ్చుకునే కొద్దీ చుట్ట విప్పుకుంటుంది. నేలకి అతుక్కుని ముడతల ఆకుల హంసపాదు. నీరు తీసిన తరవాత మాత్రమే పుట్టే మొక్క ఇది. అది ఉన్న చోట నీరు ఎప్పుడు దిగిందో దాని చాప వెడల్పుని బట్టి ఊహించవచ్చు, చేతి వెడల్పైతే ఈమధ్యనే, మూరెడు దాటితే నెలలయింది. మరులమాతంగి కూడా ఇక్కడే. కొక్కేల కాయలు పంచెకి అంటుకుంటాయి, అందరికీ తెలుసు. ఒక్కో కాయలో రెండు విత్తనాలుంటాయి, ఒకటి ముందు మొలుస్తుంది, రెండోది ఆగుతుంది. మొదటిది వరదకి పోయినా రెండోది మళ్ళీ ఏడాదికి ఉంటుంది. లంకల్లో పశువులు మేపేవాళ్ళు రెండాకుల దశలో ఉన్న దీని మొలకల దగ్గరికి గేదెల్ని వదలొద్దు. ఆ దశలోనే విషం ఎక్కువ.

ఇంకా పైకి, బోడిగా కనిపించే ఇసుక తిన్నె. ఇదే మన చిన్న ఎడారి. ఇక్కడ బతికేవి వేరే రకం. పల్లేరు నాలుగువైపులా చదునుగా పరుచుకుంటుంది. ఎదురెదురు ఆకుల జతలో ఒకటి ఎప్పుడూ పెద్దది, ఒకటి చిన్నది, గుర్తుపట్టడానికి అది చాలు. ఏనుగుపల్లేరు వేరే కుటుంబం, నిలబడి పెరుగుతుంది, కాయకి అడుగున నాలుగు ముళ్ళుంటాయి. దాని పచ్చి కొమ్మ నీళ్ళలో తిప్పితే నీరు సాగే జిగటలా అయిపోతుంది, పల్లేరుకి ఆ గుణం లేదు. వెంపలిని గుర్తుపట్టడం ఇంకా తేలిక. చిట్టి ఆకుని కొసపట్టి లాగితే అడ్డంగా తెగదు, బాణం మొనలా కోసుగా తెగుతుంది. పిల్లలకి ఇది చూపిస్తే ఇక మర్చిపోరు.

జిల్లేడు తిన్నె మీద ఒంటరిగా నిలబడుతుంది. దాని వేరు నిలువుగా కిందికే పోతుంది, పై అడుగులో పక్కవేళ్ళు చాలా తక్కువ. అంటే పైన పడే మంచుచెమ్మకి ఆశపడే రకం కాదు. ఆకుల మీద బూడిదలాంటి మైనం, తెంపితే పాలు. ఆ చేత్తో కన్ను నలిపితే రెండురోజులు కన్ను తెరవలేరు, చెయ్యి కడుక్కునేదాకా ముఖం ముట్టుకోవద్దు.

పాపర తీగ దొరికిందా, మీ అదృష్టం. ఎండ ఎక్కాక దాని ఆకు వేళ్ళ మధ్య పట్టుకోండి. చుట్టూ ఇసుక భగ్గుమంటుంటే ఆకు చల్లగా తగులుతుంది. ఎడారుల్లో కొలిచినవాళ్ళు గాలి కంటే ఆకు చాలా డిగ్రీలు తక్కువ ఉండటం గమనించారు. కుండలో నీరు చల్లబడే సూత్రమే, ఆకులోంచి నీరు ఆవిరవుతూ చల్లబరుస్తోంది. అంత దుబారాగా నీరు ఖర్చుపెట్టాలంటే వేరు తడిలో ఉండి తీరాలి. ఒక్క ఆకు తుంచి పక్కన పెట్టి చూడండి, కాసేపట్లోనే వేడెక్కి వాడిపోతుంది. కాయ మాత్రం నాలిక్కి తగిలించొద్దు. లేత పుచ్చపిందెలా ఉంటుందని కొరికితే విరేచనాలతో ఆసుపత్రి పాలవుతారు.

పుచ్చ అంటే గుర్తొచ్చింది. ఇసుకలో పుచ్చ, దోస పాదులు పెట్టే రైతుకి నేను చెప్పేదంతా ఎప్పుడో తెలుసు. ఆయన తిన్నె మీద ఎక్కడ పడితే అక్కడ గొయ్యి తియ్యడు. చెమ్మ తగిలేదాకా తవ్వి, అందులో పశువుల ఎరువూ ఒండ్రూ కలిపి నింపి గింజ వేస్తాడు. ఒండ్రు వత్తిలా పనిచేసి కింది నీటిని గింజ దాకా తెస్తుంది, మొలక వేరు ఆ వత్తి పట్టుకుని కిందికి దిగుతుంది. ముతక ఇసుకలో నేరుగా గింజ పెడితే మొలిచిన మూడోరోజుకి మాడిపోతుంది. మొక్కలు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ పాదుల గట్ల మీద నడవకండి, ఆయన చేతి కర్ర నా ప్రసంగం కంటే బాగా బోధిస్తుంది. (నవ్వులు)

తిన్నెల మీద తీతువు పిట్ట మీ తలమీద తిరుగుతూ అరుస్తోందంటే గూడు దగ్గర్లో ఉందని. గూడు అంటే గూడేమీ ఉండదు, ఇసుకలో చిన్న పల్లం, గులకరాళ్ళలాంటి గుడ్లు. ఉన్న చోటే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. ఎండలో తల్లి పది నిమిషాలు పక్కకి పోతే గుడ్లు ఉడికిపోతాయి.

లంక అంచుకి వచ్చేసరికి రెల్లు. ఆశ్వయుజంలో తెల్లటి కుచ్చులతో ఊగేదే, వేసవిలో ఎండు దుబ్బుగా ఉంటుంది. చచ్చిందనుకోకండి, ఇసుక కింద దుంపవేరు పాకుతూనే ఉంటుంది. రెల్లు మీద వరద ఇసుక పోస్తే అది మునిగిన కణుపుల నుంచి కొత్త వేళ్ళు వేసి పైకి వస్తుంది, మళ్ళీ పోస్తే మళ్ళీ వస్తుంది. కాబట్టి ఏటికోతకి విరిగిన గట్టు దగ్గర దూరం నుంచి చూడండి. వేళ్ళ గుత్తులు మెట్లు మెట్లుగా కనపడతాయి. ఒక్కో మెట్టు ఒక్కో పెద్ద వరద మేట. టేపుతో మెట్టుకీ మెట్టుకీ మధ్య కొలిస్తే ఆ వరద ఎంత ఇసుక పోసిందో తెలుస్తుంది. గట్టు కింద నిలబడి కొలవద్దు, విరిగిపడుతుంది. పడిపోయిన పెళ్ళల్లో కొలవండి. రెల్లు పక్కనే కిక్కస, జమ్ము కనిపిస్తే అక్కడ నీరు ఏడాది పొడవునా వేళ్ళకి అందేటంత దగ్గరగా ఉన్నట్టే.

ఉప్పు సంగతి. దిగువకి పోయే కొద్దీ గరిక తగ్గుతుంది, ఇలకూర వస్తుంది. ఆకు కండగా, నమిలితే ఉప్పగా, ఎండ పెరిగే కొద్దీ ఎర్రబడుతుంది. పోటు తగిలే బురద అంచున దబ్బగడ్డి, దాని వెనక మడచెట్లు. అక్కడ తిల్ల చెట్టు ఉంటే కొమ్మ విరవొద్దు, దాని పాలు కంట్లో పడితే జిల్లేడు పాల కంటే ప్రమాదం. ఏ చదరంలో మొదటి ఇలకూర కనపడిందో ఆ చోటు ప్రతి ఏడూ రాసుకోండి. ఎగువ నుంచి నీరు తక్కువ వదిలిన ఏడాది ఆ గుర్తు పైకి జరుగుతుంది. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గరికి వచ్చేసరికి ఏటి మొక్కలు అయిపోయి బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు మొదలవుతాయి. ఆ మీసాల గడ్డిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ముళ్ళబంతిలా దొర్లేది ఆడ మొక్క గింజల గుత్తి. గాలికి దొర్లుతూ గింజలు రాల్చుకుంటూ పోతుంది.

పేర్ల దగ్గర ఒక్క చిక్కు చెప్పి ముగిస్తాను. గలిజేరు అని రెండు మొక్కల్ని అంటారు. ఒకటి అటికమామిడి, జిగురు కాయలు, సన్నటి గులాబీ పూలు కాడల మీద దూరంగా. రెండోది కండ ఆకులది, పువ్వు ఆకు చంకలో దాక్కుంటుంది. కూరకని కోసేవాళ్ళు ఒకటనుకుని ఇంకొకటి తెస్తారు. ఫోన్‌లో యాప్ చెప్పిన పేరు నమ్మకండి, దానికి మన ఇసుకంటే ఏమిటో తెలీదు. ఫొటో తీస్తే మొత్తం మొక్క, ఆకు పైభాగం, ఆకు అడుగు, పువ్వు, కాయ, ఐదు ఫొటోలు, పక్కన ఐదు రూపాయల బిళ్ళ. వేరుతో పీకొద్దు.

(సభలోంచి: "వేరు చూడకుండా వేరు ఎంత లోతుందో ఎలా చెబుతామండీ?")

మంచి ప్రశ్న. మధ్యాహ్నం రెండింటికి ఆకు వాలిందా లేదా చూస్తే తేలిగ్గా తెలుస్తుంది, కానీ అప్పుడు ఎవరూ వెళ్ళరు, వెళ్ళొద్దన్నాను కూడా. కాబట్టి ఎనిమిదిన్నరకి గట్టెక్కే ముందు ఆకులు చూడండి. అప్పటికే తల వాల్చినవి పై చెమ్మ మీద బతికేవి. నిటారుగా ఉన్నవి లోతు నీటివి. ఒక్క వెంపలిని మినహాయించండి, అది నీరున్నా లేకపోయినా తల వంచదు.

(ఇంకొకరు: "వరద వచ్చాక మన గీత, గుర్తులు అన్నీ పోతాయి కదా? మళ్ళీ అదే చోటు ఎలా పట్టుకోవడం?")

పుల్లలు పాతితే పోతాయి. గీత ఒక కొసని వంతెన స్తంభానికి, రెండో కొసని ఏటిగట్టు మీది తాటిచెట్టుకి కట్టినట్టు అనుకోండి. స్తంభం నంబరు పుస్తకంలో రాసుకోండి, చాలా వంతెనల స్తంభాలకి రంగుతో వేసి ఉంటుంది. అక్కడి నుంచి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకోండి. ఒకరి అడుగు ఇంకొకరి అడుగుతో కలవదు, కాబట్టి నడిచేవాళ్ళు మారితే 30 మీటర్ల తాడు వాడండి, నైలాను తాడు లాగితే సాగుతుంది, కొబ్బరి తాడు తడిస్తే పొడవు మారుతుంది, టేపు మేలు. ఎర్రనీరు దిగి, నవంబరులో తిన్నెలు మళ్ళీ తేలిన వారానికే మొదటి నడక పెట్టుకోండి. అప్పటికి చదరాల్లో చాలావరకు "ఏమీ లేదు" అనే రాస్తారు. మళ్ళీ పదిహేను రోజులకి వెళ్ళండి.